వేలి మీద 98... మరి మెదడుకో?

నెల్లూరు తీరంలో రొయ్యల గుంట ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గుంటకి గండం ఎక్కువగా తెల్లారుజామునే వస్తుంది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రాత్రిపూట బండి మీద వెళ్తే ఏరియేటర్ల చప్పుడు వినపడుతూనే ఉంటుంది. పగలు నీళ్లలోని సన్నటి నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ లాగేసుకుంటుంది. తెల్లారేలోపు గుంటలో ఆక్సిజన్ అట్టడుక్కి పడిపోతుంది. ఆ టైంలో కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే పంట పోయినట్టే. రొయ్యలు పైకి తేలాక పరిగెత్తి లాభం లేదు. అందుకే మనిషి కాపలా ఉంటాడు.

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ చేసేది కూడా ఇలాంటి కాపలానే. కాకపోతే ఆయన కాపాడేది మీ మెదడుని.

"ఇంజక్షన్ ఇచ్చి నిద్రపుచ్చుతారు, అంతేగా" అనుకుంటాం. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ మనం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. పోనీ దాచుకుంటుందా అంటే, అదీ లేదు. రక్తం పూర్తిగా ఆగితే 10 సెకన్లలో స్పృహ పోతుంది. 4, 5 నిమిషాలు దాటితే మెదడు కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. మెలకువగా ఉంటే ఊపిరాడనప్పుడు కొట్టుకుంటాం, అరుస్తాం. జనరల్ అనస్థీషియాలో అదేమీ ఉండదు. కండరాలు సడలించే మందు ఇస్తే ఊపిరి కూడా మెషీనే పీల్చిపెట్టాలి. బీపీ కూడా తగ్గుతుంది.

అందుకే నిద్రపుచ్చే ముందు ముక్కు, నోరు కప్పేలా మాస్క్ పెట్టి "గట్టిగా గాలి పీల్చు" అంటారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. 3 నిమిషాల పాటు అచ్చమైన ఆక్సిజన్ పీలిస్తే ఊపిరితిత్తులే సిలిండర్‌లా నిండుతాయి. మామూలుగా ఊపిరి ఆగిన ఒకటి రెండు నిమిషాల్లోనే ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుంది. ఇలా నింపుకుంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 8 నిమిషాల దాకా టైం దొరుకుతుంది. గొట్టం వెయ్యడం కాస్త కష్టమైనా ఆ నిమిషాలే కాపాడతాయి. లావుగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి, చిన్నపిల్లలకి ఆ టైం చాలా తక్కువ. కాబట్టి మాస్క్ పెడితే విసుక్కుని పక్కకి నెట్టేయకండి.

ఇక వేలికి పెట్టే క్లిప్పు. కోవిడ్ టైంలో ఇంటింటికీ వచ్చిందే, పల్స్ ఆక్సీమీటర్. దీని వెనకున్న ఆలోచన జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగిది, 1974 నాటిది. అంతకుముందు పెదాలు, గోళ్లు నీలంగా మారాయా అని కళ్లతో చూసుకోవడమే ఎక్కువ.

అయితే క్లిప్పు చెప్పేది సగం కథే. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే బస్సులు అనుకోండి. 98 అంటే వందలో 98 సీట్లు నిండాయని. అసలు ఎన్ని బస్సులు ఉన్నాయో అది చెప్పదు. అది హిమోగ్లోబిన్ లెక్క. రక్తహీనత ఉన్నా 98 చూపించొచ్చు. బస్సులు మైపాడు దాకా చేరుతున్నాయా అన్నది కూడా చెప్పదు. అది బీపీ లెక్క. భుజం ఆపరేషన్‌లో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంచుతారు. తల చేతి కన్నా 20 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే, చేతి మీద చూసిన బీపీ కన్నా మెదడు దగ్గర దాదాపు 15 పాయింట్లు తక్కువ. ఇంకో విచిత్రం ఏంటంటే, మెషీన్ మరీ వేగంగా ఊపిరి పట్టిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు సన్నబడతాయి. గాలి ఎక్కువైనా మెదడుకి రక్తం తక్కువవుతుందన్నమాట.

అందుకే గుండె ఆపరేషన్లు, మెడ రక్తనాళాల ఆపరేషన్ల లాంటివాటిలో కొన్నిచోట్ల నుదుటి మీద రెండు స్టిక్కర్లు అంటిస్తారు. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని లోపలికి పంపి మెదడులో ఆక్సిజన్ అంచనా వేస్తాయి. ఇలా చూడొచ్చని అమెరికాలో ఫ్రాన్స్ యోబ్‌సిస్ 1977లో చూపించారు. మొదట ఉన్న అంకె నుంచి 20 శాతం పడితే డాక్టర్లు అలర్ట్ అవుతారు. తల పక్కకి తిరిగిందా, బీపీ పడిందా, రక్తం తక్కువైందా అని వరసగా చూస్తారు.

ఈ కాపలా కథలో మన హైదరాబాద్‌కీ ఒక పేజీ ఉంది. 1888, 1889లో క్లోరోఫామ్ మత్తుతో మనుషులు ఎందుకు పోతున్నారో తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి కమిషన్ వేయించారు. నడిపింది సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆ ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరినే చూడండి అన్నది లారీ మాట. అది సగమే నిజమైంది. క్లోరోఫామ్ గుండెని కూడా నేరుగా ఆపగలదని 1911లో లెవీ అనే ఇంగ్లిష్ డాక్టర్ తేల్చారు. రెండూ చూడాల్సిందే అని అలా అర్థమైంది.

ఇంత కాపలా ఉన్నా, మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. నిజం చెప్పడం.

ఏమైనా తిన్నావా అని అడుగుతారు. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని "లేదు" అనేస్తాం. పాలు పోసిన టీ కూడా తిండి కిందే లెక్క. మత్తులో పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ఆక్సిజన్ దారే మూసుకుపోతుంది. మామూలుగా తేలికపాటి తిండికి 6 గంటలు, మంచినీళ్లకి 2 గంటలు గ్యాప్ కావాలి. బిర్యానీ లాంటిదైతే ఇంకా ఎక్కువ. మీ డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. గురక, ఊగే పళ్లు, వేసుకునే మాత్రలు, ఇంతకుముందు మత్తు పడకపోవడం... అన్నీ చెప్పండి. నెయిల్ పాలిష్ తీసేసి వెళ్లండి, క్లిప్పు సరిగ్గా చదవాలంటే.

అన్నిటికన్నా ఎక్కువ దాచేది సిగరెట్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ సీట్లో కూర్చుంటుంది. క్లిప్పుకి ఆ తేడా తెలీదు, సీటు నిండిందనే చూపిస్తుంది. ఒక్క రోజు మానేసినా ఆ గ్యాస్ చాలావరకు తగ్గుతుంది. వారాల ముందే మానేస్తే ఇంకా మంచిది.

పక్కన అమ్మ ఉంటే "సిగరెట్ అలవాటుందా" అన్న ప్రశ్నకి మన కుర్రాళ్లు ఏం చెప్తారో అందరికీ తెలుసు. అమ్మని ఒక్క నిమిషం బయట కూర్చోమని చెప్పమనండి. డాక్టర్ మీ ఇంట్లో చెప్పడు. ఎన్ని తాగుతారో, చివరిది ఎప్పుడు తాగారో ఉన్నదున్నట్టు చెప్పేయండి.