ఫోనులో వెతకండి, కాళ్లతో ఎంచుకోండి

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. దిగితేగాని ఆ పనుల కష్టం తెలియదని దాని భావం. ఈనాడు పట్నాల్లో చాలామంది ఇల్లు కట్టుకోవడం లేదు, కొనుక్కుంటున్నారు. ఆ వెతుకులాట కూడా వీధిలో కాక చేతిలోని ఫోనులో మొదలవుతోంది.

మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దె ఇంట్లో ఉంటున్నారనుకుందాం. ఆటో నడుపుతూనో, కుట్టుపని చేస్తూనో నాలుగు డబ్బులు వెనకేశారు. సొంత ఇల్లు ఉంటే బాగుండుననిపించింది. వెనుకటి రోజుల్లో అయితే ఒక రోజు కూలి వదులుకుని, మధ్యవర్తి వెంట ఎండలో తిరిగి నాలుగు ఇళ్లు చూసేవారు. ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక ఫోను తీసి ప్రాంతం, ధర, గదుల సంఖ్య నొక్కితే చాలు. పది నిమిషాల్లో నలభై ఇళ్ల ఫోటోలు కళ్ల ముందుంటాయి.

దీనిపై రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ‘ఇక తిరగనక్కరలేదు, ఇంట్లో కూర్చునే ఇల్లు కొనవచ్చు’ అని కొందరంటారు. ‘ఫోనులో కనిపించేదంతా మోసమే, దాని జోలికి పోకూడదు’ అని మరికొందరంటారు. నా ఉద్దేశంలో ఈ రెండూ సరికావు. మనకు పనికిరాని ఇళ్లను వదిలేయడానికి ఫోను చాలా మంచి సాధనం. కాని ఒక ఇంటికి ‘సరే’ అనడానికి అది చాలదు. ఎందుకో చూద్దాం.

మొదట ధర సంగతి. ప్రకటనలో 30 లక్షల రూపాయలని ఉంది. అది ఇంటి ధర మాత్రమే, మీకయ్యే ఖర్చు కాదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణం ఇంటి విలువలో 90 శాతానికి మించకూడదు. అంటే బ్యాంకు 27 లక్షలకు మించి ఇవ్వదు. మిగిలిన 3 లక్షలు మీవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు కలిపి సుమారు ఏడున్నర శాతం అవుతాయి. అవి మరో 2 లక్షల 25 వేలు. అంటే కనీసం 5 లక్షల 25 వేల రూపాయలు మీ చేతిలో ఉండాలి. 27 లక్షల అప్పును 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 23,400 రూపాయలు కట్టాలి. ఈ లెక్క ముందుగా కాగితం మీద వేసుకోండి. ఆ తరువాతే ఫోనులో ధర నొక్కండి. నెలసరి వాయిదా మీ సంపాదనకు మించితే, ఫోటో ఎంత అందంగా ఉన్నా ఆ ఇల్లు మీది కాదు.

రెండవది విస్తీర్ణం. ప్రకటనలో ‘1000 చదరపు అడుగులు’ అని కనిపించవచ్చు. అందులో మెట్లు, నడవాలు, లిఫ్టు చోటు కూడా మీ వాటాగా కలిపి ఉండవచ్చు. తలుపు వేసుకున్నాక లోపల మీరు నడిచే నేలను ‘కార్పెట్ ఏరియా’ అంటారు. అది 700 అడుగులే అయితే, అడుగుకు మీరిచ్చేది 3,000 రూపాయలు కాదు, సుమారు 4,290 రూపాయలు. కాబట్టి ‘కార్పెట్ ఏరియా ఎంత?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో రెండు ఇళ్లను సరిగ్గా పోల్చగలుగుతారు.

మూడవది చట్టం. స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో వచ్చింది. దీనినే ‘రెరా’ అంటున్నాం. దీని ప్రకారం ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని, లేదా 8 ఫ్లాట్లు మించని చిన్న ప్రాజెక్టులకు మాత్రం ఈ నమోదు తప్పనిసరి కాదు. నమోదు సంఖ్య ప్రకటనలోనే ఉండాలి. ఆ సంఖ్యను మీ రాష్ట్ర రెరా వెబ్‌సైటులో మీరే సరిచూసుకోవచ్చు. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. దానిని ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే వాడాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ‘ఇంకా అనుమతులు రాలేదు, ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే ఇస్తాం’ అని ఎవరైనా అంటే, అది తగ్గింపు కాదని గ్రహించండి. ఈ చట్టం ఇచ్చిన రక్షణను మీ చేత వదిలిస్తున్నారన్నమాట.

పాత ఇల్లు కొనేటప్పుడు ఈసీ, అంటే ఆ ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక చూడాలి. దీనిని కూడా రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో పొందవచ్చు. కాని రిజిస్టరు కాని ఒప్పందాలు, కోర్టు తగాదాలు అన్నీ అందులో కనిపించవు. అందుకే అసలు కాగితాలను ఒక న్యాయవాదికి చూపించాలి. ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు.

ఇంతవరకు ఫోను, కాగితం పని. ఇక మీ కాళ్ల పని. వెలుతురు బాగున్న వేళ తీసిన ఫోటోలో గోడ చెమ్మ కనిపించదు. మంచినీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయో, వాన పడితే ఆ వీధిలో నీళ్లు నిలుస్తాయో లేదో తెలియదు. చీకటి పడ్డాక బస్సు దిగి ఆడపిల్ల ధైర్యంగా నడిచి రాగలదో లేదో ఫోటో చెప్పదు. కనుక నచ్చిన ఇంటికి ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, వీలైతే వాన వెలిసిన మరునాడు వెళ్లండి. అమ్మేవారిని కాదు, పక్కింటివారిని అడగండి. కిరాణా కొట్టులో అడగండి.

‘ఇంతలో ఆ ఇల్లు వేరేవాళ్లు కొనేస్తే?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. ‘ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, ఇప్పుడే టోకెను పంపండి’ అనే మాటకు బలం వచ్చేది ఆ భయం నుంచే. కాని చేజారిన ఇంటికి బదులు మరో ఇల్లు దొరుకుతుంది. పదేళ్లు కూడబెట్టిన సొమ్ము పోతే మళ్లీ కూడబెట్టడానికి ఇంకో పదేళ్లు కావాలి. ఇంటిని, కాగితాలను, అమ్మే మనిషిని కళ్లారా చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దని నా గట్టి అభిప్రాయం.

మీరు చదువు నేర్చుకుంటున్నది పరీక్ష కోసం మాత్రమే కాదు. ఒకరు చూపిన చోట సంతకం పెట్టడానికి, చదివి పెట్టడానికి ఎంతో తేడా ఉంది. ఈ పుస్తకం మూశాక ఏదైనా ఒక ఇంటి ప్రకటన తీసుకోండి. అందులో లేని సంగతులేమిటో రాయండి. ఆ జాబితా జేబులో పెట్టుకుని ఇల్లు చూడడానికి బయలుదేరండి.