మూగబోయిన రేడియో

పాత వాల్వు రేడియోలకు ఇప్పుడు మళ్ళీ గౌరవం లభిస్తున్నది. అయితే చాలా ఇళ్ళలో ఆ గౌరవం పెట్టెతోనే ఆగిపోతున్నది. లోపలి చట్రాన్ని పెకలించి పారవేసి, అక్కడొక బ్లూటూత్ స్పీకరును అమర్చి, చెక్కకు నిగనిగలాడే వార్నిష్ పూసి, దానినే పునరుద్ధరణ అంటున్నారు. ప్రాణం తీసి ప్రతిమకు పూలదండ వేయడం వంటి పని ఇది.

1904లో ఫ్లెమింగ్ డయోడును, 1906లో లీ డి ఫారెస్ట్ ట్రయోడును రూపొందించారు. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో పలికినా, 1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో రేడియో కేంద్రాలు వెలసినా, శ్రోతలు విన్నది ఈ గాజు వాల్వుల పుణ్యమే. స్విచ్చి వేసిన తరువాత ఫిలమెంటు వేడెక్కేదాకా కొన్ని క్షణాలు నిరీక్షించవలసిందే. ట్రాన్సిస్టర్లు రాగానే ఆ సెట్లన్నీ అటకెక్కాయి.

మూగబోయిన సెట్టును చూడగానే వాల్వు కాలిపోయిందనుకోవడం పరిపాటి. పరీక్షించి చూస్తే లోపం ఎక్కువగా కండెన్సర్లలో బయటపడుతుంది. కాగితపు కండెన్సర్లు ఏళ్ళు గడిచేకొద్దీ తేమ పీల్చి, ఆపవలసిన విద్యుత్తును కారనిస్తాయి. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలోని ద్రవం ఎండిపోతుంది. అప్పుడు స్పీకరులో పాటను హోరు ముంచేస్తుంది. దశాబ్దాలుగా వాడని సెట్టును ఆత్రంగా ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవచ్చు. దానికి సరిజోడు దొరకడం కష్టం. అనుభవజ్ఞుడైన మెకానిక్కు పాడైన కండెన్సర్లను మార్చి, ఫిలమెంటు బల్బునొకదానిని సిరీస్‌లో కలిపిన తరువాతనే విద్యుత్తు ఇస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు ధగధగ వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది.

ఈ విద్యలో ప్రమాదమూ ఉన్నది. లోపల 200 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చు. ప్లగ్గు తీసినా అది కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్లలోనైతే చట్రమే మెయిన్సు తీగకు కలిసి ఉంటుంది. అందువల్ల తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవడమే దారి. గిటారు యాంప్లిఫయర్ల కోసం రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో కొన్ని రకాల వాల్వులు ఇంకా తయారవుతున్నాయి. సర్క్యూటు పటం లేకుండానే, హోరు విని లోపాన్ని పట్టగల వృద్ధ మెకానిక్కులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. వారి వద్ద శిష్యరికానికి వచ్చే కుర్రవారు అరుదు.

ఇక ఏ భాగాన్నీ తాకరాదనే ఛాందసమూ తగదు. చెడిన కండెన్సరును పూజించి ప్రయోజనం లేదు. కొందరు పాత కండెన్సరు గొట్టంలోనే కొత్తదానిని దాచి అమరుస్తారు. అది ముచ్చటే గాని తప్పనిసరి కాదు. డయలు అద్దం విషయంలో మాత్రం మొండిపట్టు అవసరం. దానిపై ముద్రించిన కేంద్రాల పేర్లు తడిగుడ్డతో తుడిస్తే చెరిగిపోవచ్చు, మళ్ళీ రావు. మార్చిన భాగాల వివరాలను, తేదీని ఒక చీటీపై రాసి పెట్టె లోపల అంటిస్తే, తరువాత దానిని విప్పేవారికి శ్రమ తగ్గుతుంది.