ఉద్దానం, సార్

విశాఖలో ఒక పెద్దాసుపత్రి, కిడ్నీ వార్డు. కవిటి వైపు నుంచి వచ్చిన ఒకావిడ మంచం మీద ఉంది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న మేనల్లుడు పక్కన నిలబడ్డాడు. మా వాళ్లకు తోడుగా నేను పక్క మంచం దగ్గర ఉన్నాను. పెద్ద డాక్టరు కేసు షీటు తిరగేస్తూ "ఎనీ డోనర్?" అన్నాడు. వెనక నిలబడ్డ కుర్ర డాక్టరు "ఉద్దానం, సార్" అన్నాడు. పెద్దాయన షీటు మూసి తర్వాతి మంచానికి వెళ్లిపోయాడు.

"ఏటన్నారు బావు?" అని అడిగింది ఆవిడ.

"కిడ్నీ ఇచ్చేవోలు ఉన్నారా అని అడిగినాడత్తా. మనది ఏ వూరో ఈయన సెప్పినాడు. అంతే."

అంతేనా? అడిగింది దాత గురించి. వచ్చిన జవాబు ఒక ప్రాంతం పేరు. ఆ ప్రశ్నకి ఈ జవాబు ఎలా అతికిందని ఒక్క క్షణం ఆగి చూస్తే కాళ్లకింద నేల కదలాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఒక మనిషితో ఆగదు. అన్నకి ఉంటుంది, తమ్ముడికి ఉంటుంది, నిన్నటిదాకా బాగున్న కొడుక్కి ఇవాళ క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. "ఆ ఇళ్లల్లో ఎవర్ని అడుగుతాం సార్" అన్న మాటంతా ఆ కుర్ర డాక్టరు ఒక్క ప్రాంతం పేరులో చెప్పేశాడు. అక్కడ వినబడిన ఇంగ్లీషు మూడే మాటలు: ఎనీ, డోనర్, సార్. మూడూ మేనల్లుడికి తెలిసినవే. నాలుగోది వాడు పుట్టిన నేల పేరు. అయినా వాడికి ఒక్క ముక్క అందలేదు.

అక్షరం రాని మేనత్తకి అందింది. ఆవిడ షీటు మూసిన తీరు చూసింది, పక్క మంచం వైపు తిరిగిన వీపు చూసింది. "ఇంకేటీ నేదులే బావు, ఇంటికెలిపోదుము" అంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాణ్ణి అలా తయారుచేసి పంపినవాళ్ల మీద ఉంది, నిండా ఉంది.

పలాస-కాశీబుగ్గలో, టెక్కలిలో ముప్పై రోజుల్లో గలగలా ఇంగ్లీషు మాట్లాడిస్తామని బోర్డులు కట్టినవాళ్లని అడుగుతున్నాను. జీడిపప్పు బట్టీల్లో గింజలు కొట్టి, జీడి రసానికి వేళ్లు నల్లబడ్డ ఆడవాళ్ల కూలి డబ్బుల్లోంచి ఫీజులు తీసుకుని, వాళ్ల పిల్లలకి పన్నెండు కాలాలు, వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పే విద్యా, బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షనూ అంటగట్టి, ఎదుటివాడు అన్న మాటలో అననిదేమిటో పట్టుకోవడం మాత్రం ఒక్కరోజు, ఒక్క గంట కూడా నేర్పకుండా గేటు బయటికి పంపేస్తున్నారే, మీరు అమ్మింది భాషేనా? నోరు తెరవడం అమ్మారు. చెవి అమ్మలేదు.

ప్రభుత్వాల సంగతీ ఇంతే. 2019 నవంబరులో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం తప్పనిసరి అంటూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యలో నడిచిన రగడ గుర్తుందా? ఇంగ్లీషు కావాలన్నవాళ్లలో ఎంతమంది మన ఊరి బడిలో వెనక బెంచీ మీద కూర్చుని ఒక పాఠం విన్నారు? తెలుగుతల్లి కోసం గుండెలు బాదుకున్న పెద్దమనుషుల్లో ఎంతమంది మనవలు తెలుగు మీడియంలో చదువుతున్నారు? ఇరుపక్షాలూ అబద్ధమే ఆడాయి. మీడియం గురించి అరిచినవాళ్లు కోకొల్లలు. పిల్లకి ఏం అర్థమవుతోందని అడిగిన గొంతు నాకు వినబడలేదు.

2023లో ఇంకో ముచ్చట జరిగింది. అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే ప్రభుత్వ బడులకు టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష తెచ్చారు. ఆ పరీక్షలో వినే భాగం ఉంటుంది. ఇద్దరు మనుషులు నాలుగు మాటలు అనుకుంటారు, రెండోవాడి ఉద్దేశం ఏమిటని అడుగుతారు. ఆసుపత్రిలో మేనల్లుడు తప్పిన పరీక్ష సరిగ్గా అదే! కావలసిన పరీక్షే వచ్చింది. దాన్ని నేర్పే మాస్టారికి ఆ కిటుకు నేర్పినవాళ్లేరి? ప్రభుత్వం మారింది, పరీక్ష అటకెక్కింది. పిల్ల అక్కడే ఉంది.

అనని మాట పట్టుకోవడమేదో పెద్ద చదువుల రహస్యం అనుకుంటున్నారేమో. 1967లో పాల్ గ్రైస్ అనే తత్వవేత్త హార్వర్డ్‌లో ఉపన్యాసాలిచ్చి దీనికో లెక్క చెప్పాడు. మాట్లాడుకునే ఇద్దరూ ఒకరికొకరు సహకరిస్తున్నారన్న నమ్మకం మీదే సంభాషణ నడుస్తుంది. జవాబు ప్రశ్నకి అతకనట్టు కనబడినా, అతుకుతుందనే నమ్మి, మధ్యలో చెప్పని మాటని వినేవాడు పూరించుకుంటాడు. పలాస స్టేషన్లో దిగి "టీ ఎక్కడ దొరుకుద్ది?" అంటే "గేటు దాటి రెండడుగులు" అంటారు. అక్కడ కొట్టుందనీ, ఇప్పుడు తెరిచే ఉందనీ ఆ మనిషి అనలేదు. మీరు విన్నారు. మన ఆలంకారికులు దీన్ని గ్రైస్ కంటే వెయ్యేళ్లకు పైగా ముందే పట్టుకున్నారు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరంలో ఆనందవర్ధనుడు మాట పైకి చెప్పే అర్థం వేరు, లోపల మోగే అర్థం వేరన్నాడు. ఆ మోతకే ధ్వని అని పేరు. తెలుగు పండితులు తరతరాలుగా ఆ ధ్వనిని పద్యాల్లో వెతికారు, పక్కనే ఉన్న ఇంగ్లీషు క్లాసులోకి మాత్రం రానివ్వలేదు.

పండితుల్ని వదిలేయండి, మీ వంటింట్లోకి రండి. బియ్యం అయిపోతే మన ఇంట్లో ఏమంటారు? "నిండుకున్నాయి" అంటారు. డబ్బా ఖాళీ, మాట నిండుగా. ఐదేళ్ల పిల్ల ఆ మాట విని సంచి పట్టుకుని కొట్టుకి పరిగెడుతుంది. దీపం కొండెక్కిందంటే కొండవైపు చూసే పిల్లాడు మన ఊళ్లో ఉన్నాడా? పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ఫలహారం తిని "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేస్తే, ఎంగిలి ప్లేట్లు తీస్తూనే ఆ ఇంటి నాయనమ్మ "ఈ సంబంధం కుదరదు" అనేస్తుంది.

ఆ నాయనమ్మ మనవడే టెక్కలి నుంచి హైదరాబాదు వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చాడు. "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అన్నారు. వాడు ఇంటికొచ్చి మూడు నెలలు ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నాడు, వేరే ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టలేదు. అదే మాట నాయనమ్మకి తెలుగులో చెప్పి ఉంటే ఆ సాయంత్రమే తేల్చేసేది. తెలివి ఆ ఇంట్లోనే ఉంది. బడి దాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మంది.

దీనికి కట్టే వెల చిన్నదనుకోకండి. ఉద్దానం కొబ్బరితోటలు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయాయి. జీడితోటలు పడిపోయాయి. తోటలు పోయాక మగపిల్లలు వెల్డింగ్ పనికని, ఫిట్టింగ్ పనికని దేశం దాటుతున్నారు. మందస వైపు ఒక వెల్డరు నాతో చెప్పిన సంగతి ఇది. గల్ఫ్‌లో ఫోర్‌మన్ అతని పక్కనుంచి పోతూ "యూ మైట్ వాంట్ టు చెక్ దట్ వాల్వ్" అన్నాడట. నీకు చూడాలనిపిస్తే చూసుకో అన్నాడనుకుని ఇతను ఉన్న పని ముగించడంలో పడ్డాడు. అది మెత్తగా చెప్పిన హుకుం. ఉన్నపళంగా చూడమని, చూడకపోతే ప్రమాదమని. అదృష్టం బాగుండి పక్కనున్న మలయాళీ పరుగున వెళ్లి కట్టేశాడు. ఇతన్ని మాత్రం ఆ వారమే ఇంటికి పంపేశారు. ఆ వాక్యంలో ఆ చిన్న "మైట్" ఏం చేస్తోందో చెప్పడానికి పది నిమిషాలు చాలు. పదిహేనేళ్ల చదువులో అతనికి ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు.

"పాపం మాస్టార్లేం చేస్తారు, సిలబస్సు అలా ఉంది" అనకండి. ఈ ఉద్దానం ఉన్న జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పుట్టాడు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టారే ఆయన. సవర గిరిజనుల భాషకి పుస్తకం లేదు, లిపి లేదు. ఆయన సవరల నోటి నుంచి విని నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాడు. తర్వాత ఆ భాషకి వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొరకి మీ పుస్తకాల తెలుగు వేరు, మీ నోటి తెలుగు వేరు ఎందుకుందని అనుమానమొస్తే, ఆ ప్రశ్నని పట్టుకుని గిడుగు జీవితాంతం పోరాడాడు. సిలబస్సు అడ్డమొచ్చిందని ఆయన ఆగాడా? ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేసి, మర్నాడు పొద్దున్నే అర్థంలేని బట్టీ చదివించే చేతులు ఆ దండ ముట్టుకోకూడదు.

మీకు కోపం వస్తోందా? రానివ్వండి. మా అబ్బాయికి ఇంగ్లీషులో తొంభై అయిదు వచ్చాయంటున్నారు కదా, ఈ రాత్రి వాణ్ణి పిలవండి. "ఈజ్ యువర్ ఫ్రెండ్ గుడ్ ఎట్ స్టడీస్?" అని ఒకడు అడిగితే ఇంకొకడు "హి హాజ్ నైస్ హ్యాండ్‌రైటింగ్" అన్నాడని చెప్పి, ఆ ఫ్రెండు చదువు ఎలాంటిదో అడగండి. దస్తూరీ బాగుంటుంది నాన్నా అని ఊరుకుంటే, రేపు బడికెళ్లి కట్టిన ఫీజుకి లెక్క అడగండి. అడిగే దమ్ముందా? లేకపోతే మార్కుల కాగితం ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకోండి, నాతో వాదనకి రాకండి.

నేను వాదించి ఊరుకోలేదు. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక తీరపల్లె బడికెళ్లాను. తొమ్మిదో తరగతి, అందరూ వేటకెళ్లే ఇళ్ల పిల్లలే. "ఒకడు రేపు ఏటకెల్తావా అన్నాడు. రెండోవాడు గాలి సూసినావా అన్నాడు. రెండోవాడు ఎల్తాడా?" అన్నాను. ప్రశ్న పూర్తికాకముందే క్లాసంతా అరిచింది: "ఎల్డు సార్!"

అదే సంభాషణ బోర్డు మీద ఇంగ్లీషులో రాశాను. ఆర్ యూ గోయింగ్ ఫిషింగ్ టుమారో? హావ్ యూ సీన్ ద విండ్? ఇతను వెళ్తాడా అని అడిగాను. క్లాసు చప్పబడిపోయింది. ముందు బెంచీ కుర్రాడు లేచి చేతులు కట్టుకుని "యెస్ సార్, ఐ హావ్ సీన్ ద విండ్" అని అప్పజెప్పాడు.

నేనేమీ అనలేదు. తెలుగు మాటలు కూడా పక్కనే రాసి, సుద్దముక్క పెట్టేసి నిలబడ్డాను. కిటికీలోంచి సముద్రం హోరు వినిపిస్తోంది. చివరి వరసలో ఒక పిల్ల బోర్డుకేసి అటూ ఇటూ చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్... ఈడు కూడా ఎల్డు."