పరమవీరుని పాఠము

మన పాఠశాలలలో వీరుల చరిత్రలను బోధించు తీరున ఒక లోపము కలదు. వీరుడెట్లు మరణించెనో విద్యార్థి కంఠస్థము చేయును. ఎందులకు నిలిచెనో యెరుగడు. మరణమే వీరత్వమని పసిహృదయమున నాటుకొనినచో ఆ పాఠము వీరునికి న్యాయము చేయదు, విద్యార్థికి మేలు చేయదు.

మేజర్ సోమనాథ శర్మ జీవితమును ఈ దృష్టితో చదువవలసియున్నది. 1923 జనవరి 31న కాంగ్డా ప్రాంతమున సైనిక వైద్యుని కుమారుడై జన్మించిన ఈయన, 1942లో 19వ హైదరాబాదు రెజిమెంటున అధికారిగా చేరెను. ఒకనాటి హైదరాబాదు కంటింజెంటు పటాలములలో మూలములుగల ఆ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంటుగా పేరు మార్చుకొనినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆయన బర్మాలోని అరకాను రంగమున పోరాడెను.

1947 అక్టోబరులో దురాక్రమణదారులు కాశ్మీరముపై బడిరి. 27వ తేదీ నుండి మన సేనలు విమానములలో శ్రీనగరము చేరసాగినవి. అప్పటికి శర్మ యెడమచేయి హాకీ ఆటలో విరిగి పిండికట్టులో నున్నది. వెనుక నుండిపోవుటకు అంతకంటె తగిన కారణమేమి కావలయును? అయినను తన దళముతోడనే పోవుదునని పట్టుబట్టి వెళ్లెను.

నవంబరు 3న బడ్‌గాం గ్రామము కడ సుమారు 700 మంది శత్రువులు ఆయన దళమును మూడు దిక్కుల ముట్టడించిరి. ఆ దళము తొలగినచో శ్రీనగర విమానాశ్రయమునకు శత్రువునకు దారి దొరకును. విమానాశ్రయము పోయినచో మన సేనకు సాయము వచ్చు మార్గమే మూతపడును. ఈ సంగతి తెలిసినవాడు గనుకనే ఆయన కదలలేదు. గుండ్లవానలో బయలున పరుగులిడి సైనికులకు ధైర్యము చెప్పెను. మన విమానములకు గురి తెలియుటకై గుడ్డపట్టీలు పరచెను. సైనికులు నేలకొరుగుచుండగా, ఆ పిండికట్టు చేతితోనే మరతుపాకులకు తూటాలు నింపి యందించెను. ఒక్క అంగుళమైనను వెనుదీయనని వార్త పంపిన కొలదిసేపటికి మోర్టారు గుండు ఆయనను బలిగొనెను. అప్పటికాయన వయస్సు 24 ఏండ్లు. ఆ దళము శత్రువును 6 గంటలు నిలువరింపగా, ఆ వ్యవధిలో వెనుక సహాయక సేనలు కుదురుకొనినవి. ఆ పోరున ఇరువదిమందికి పైగా సైనికులు ప్రాణములు విడిచిరి.

1950 జనవరి 26న నెలకొల్పబడిన పరమవీరచక్రము తొలుత ఆయనకే లభించినది. నేటివరకు దానిని పొందినవారు 21 మంది. అందు 14 మందికి మరణానంతరమే దక్కినది. ఐరోపాలో పుట్టి భారతీయురాలైన సావిత్రీబాయి ఖానోల్కర్ ఆ పతకమును రూపొందించినది. దానిపై ఇంద్రుని వజ్రాయుధములు నాలుగు కలవు. వజ్రమనగా దధీచి యెముకలు. ఆ మహర్షి వానిని ఒసగినది కీర్తికై కాదు, పగకై కాదు, లోకరక్షణకై.

ఉపాధ్యాయ మిత్రులారా! ఈ పాఠము చెప్పునాడు పటమును గోడకు తగిలించి, బడ్‌గాం ఎచ్చటనో, విమానాశ్రయమెచ్చటనో చూపుడు. పతకములు లేకయే మరణించిన ఆ సైనికులనుగూడ స్మరింపజేయుడు. ద్వేషమును మాత్రము నూరిపోయకుడు. మన బాలబాలికలలో యుద్ధరంగమునకు పోవువారు కొలదిమంది. కాని కర్తవ్యము పిలుచునాడు తప్పించుకొనుటకు తగిన కారణమొకటి అందరికిని దొరకును. ఆనాడు వారికి ఆ పిండికట్టు చేయి జ్ఞప్తికి వచ్చినచో, పాఠము చెప్పిన ఫలము సిద్ధించినట్లే.