బీటలకు కారణం కరవొక్కటే కాదు

అనంతపురం జిల్లాలో ఇళ్ల గోడలు బీటలు వారడానికి కరవే కారణమని మీ వ్యాసంలో రాశారు. మరి అదే కరవున్న ఎర్రనేలల్లో ఈ బెడద అంతగా ఎందుకు లేదు? తేడా బంకమట్టిలో ఉంది. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో దాని పాలు ఎక్కువ. పైగా అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం తడిస్తే పొరల మధ్యకు నీరు పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎర్రమట్టిలో ఎక్కువగా ఉండే కేయోలినైట్ అంతగా ఉబ్బదు.

మట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్ష సులువే. ఎండబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాములు నీటిలో, 10 గ్రాములు కిరోసిన్‌లో వేసి, 24 గంటల తర్వాత పరిమాణాలు పోల్చాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి ఆ తేడాయే ఉబ్బును చూపుతుంది. నల్లరేగడిలో ఇల్లు కట్టేవారు పునాది తవ్వకముందే ఈ పరీక్ష చేయించుకోవాలి.

– ఒక విశ్రాంత ఇంజినీరు, ఉరవకొండ