అరువు అశ్వశక్తి

అమెరికాలో డీజిల్ పికప్ ట్రక్కులున్న కొందరికి ఒక వ్యసనమున్నది. కంపెనీ ఇచ్చిన అశ్వశక్తి చాలదని ఇంజను కంప్యూటరులోని లెక్కలను తిరగరాయిస్తారు. ట్యూనింగు అంటారు దానిని. తరువాత ఇంజను పోతే తిట్లు మాత్రం తయారీదారుకు! నాకిది న్యాయంగా తోచదు.

తిరగరాసిన లెక్క ముఖ్యంగా డీజిలును ముందుగా చిమ్మిస్తుంది, ఎక్కువసేపు చిమ్మిస్తుంది. ముందుగా చిమ్మితే పిస్టను ఇంకా పైకి వస్తూండగానే మంట అందుకొని, సిలిండరులో ఒత్తిడి హద్దు మీరుతుంది. ఫోర్డు పికప్పులలో 2003–2007 నడుమ వచ్చిన 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్‌నే చూడండి. ఒక్కొక్క సిలిండరు చుట్టూ హెడ్డును పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. ఒత్తిడికి అవి సాగుతాయి, హెడ్డు వెంట్రుకవాసి లేస్తుంది, గాస్కెట్టు దెబ్బతిని మండిన వాయువులు కూలెంటులోకి చొరబడతాయి. (ఆ ఇంజనుకు పుట్టురోగాలూ ఉన్నాయి, కాదనను. ఈజీఆర్ కూలరు సంగతి జగమెరిగినదే. అయితే రోగి నెత్తిన మూట పెట్టవచ్చునా?)

ఎక్కువసేపు చిమ్మితే వేడి. పిస్టన్లు అల్యూమినియం మిశ్రలోహంవి. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. ఖాళీ బండిలో క్షణకాలం దౌడు తీస్తే ఏమీ కాకపోవచ్చును. బరువైన ట్రెయిలరుతో కొండ ఎక్కేటప్పుడు పిస్టనుకు చల్లబడే వ్యవధి దొరకదు.

నన్ను బాధించేది మరొకటి. బండి అమ్మేముందు పాత ఫైలును మళ్ళీ ఎక్కించేస్తారు. సాగిన బోల్టు, బీటవారిన పిస్టను అట్లాగే ఉండిపోతాయి. అప్పుచేసి ఆ బండిని కొన్నవాడు, కూలెంటు పొంగి బయటకు కారిన రోజున, ఎవరినని అడగాలి?