వరాలు సరే, లెక్కలేవీ?

పులివెందులకేం తక్కువ అంటారు అందరూ. ఇద్దరు ముఖ్యమంత్రుల్ని ఇచ్చిన నియోజకవర్గం. 2024 మార్చి 11న ఒక్క రోజే మెడికల్ కాలేజీ, మినీ సెక్రటేరియట్, సెంట్రల్ బౌలివార్డ్, గరండాల రివర్‌ఫ్రంట్ ప్రారంభమయ్యాయి. నేను కాదనను. అయితే ఏలినవారు మెచ్చి ఇచ్చేది వరం. వరానికి లెక్క అడిగే ఆచారం మనకు లేదు. నా గొడవంతా అక్కడే.

మునిసిపాలిటీకి సొంత ఆదాయం ఇంటిపన్ను, కుళాయి పన్ను, షాపుల అద్దెలు. రాష్ట్రం పంచే వాటాలు, ఆర్థిక సంఘం గ్రాంట్లు పైన వచ్చేవి. ఇవన్నీ బడ్జెట్టుకెక్కాలి, కౌన్సిల్ ఆమోదించాలి. కానీ 2019-24 మధ్య పెద్ద పనులెన్నో పులివెందుల ఏరియా డెవలప్‌మెంట్ ఏజెన్సీ, అంటే పాడా, చేతి మీదుగా నడిచాయి. పాడాను నడిపింది అధికారులు. వాళ్ళను మనం ఓటేసి ఎన్నుకోలేదు.

ఎన్నుకున్నవాళ్ళ సంగతి మాత్రం ఏమిటి? 2021 మార్చిలో మునిసిపాలిటీలోని 33 వార్డులూ ఏకగ్రీవం! రిజర్వేషన్ వల్ల ఆడవాళ్ళకు కుర్చీలొచ్చాయి. పోటీయే లేనిచోట "మా వీధి కాలువకు ఎంత ఖర్చు పెడతావు?" అని ఏ ఓటరు అడగగలదు? రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది 3 లక్షల జనాభా వున్న పట్టణాలకే. 2011లో పులివెందుల జనాభా 65,706. ఆ రాజ్యాంగ హామీ మనకు అందదు.

పన్ను దగ్గర మాత్రం మనల్ని ఎవరూ మరిచిపోలేదు. రాష్ట్రం అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణాల్లో ఇంటిపన్నుకు, నీటి, మురుగు చార్జీలకు కనీస రేట్లు పెట్టాలని కేంద్రం షరతు విధించింది. ఆంధ్రప్రదేశ్ ఆ షరతు తీర్చి 2021 జనవరిలో 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి పొందింది. ఆ ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువ మీద మొదలైంది, ఏటా 15 శాతం దాకా పెంచుకునే వీలుతో. అదే ఏడాది చెత్తకూ రుసుము వేశారు, 2024లో రద్దు చేశారు. అప్పు వాళ్ళు తెచ్చుకున్నారు, పన్ను మనం కట్టాం.

ఖజానా వట్టిపోతే ముందు ఆరేది రివర్‌ఫ్రంట్ దీపాలు కావు. కోత పడేది వీధులూడ్చే మనిషి కూలి మీద. సమాన పనికి సమాన వేతనం కోసం 2023 డిసెంబరులో రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగవలసి వచ్చింది. కుళాయి రాని రోజు బిందె మోసేదీ ఆడమనిషే. ఆ చాకిరీని ఏ పద్దులోనూ ఖర్చుగా రాయరు.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇలాంటి పట్టణాల గ్రాంట్లలో 60 శాతం నీటికి, పారిశుధ్యానికే పెట్టాలంది. అది ఏ వార్డులో ఏ పైపుగా, ఏ కాలువగా మారిందో చూపమందాం. రివర్‌ఫ్రంట్ నిర్వహణ ఖర్చు ఏళ్ళ తరబడి ఎవరు భరిస్తారో చెప్పమందాం. పాడా ఖర్చూ, మునిసిపల్ ఖర్చూ ఒకే పట్టికలో, వార్డులవారీగా, తెలుగులో గోడకెక్కాలి. బడ్జెట్టు వివరాలు అడగకుండానే బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షనే చెబుతోంది.

ఆడవాళ్ళకు బడ్జెట్లు అర్థం కావంటారా? పొదుపు సంఘం పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే అది తేలేదాకా లేవని వాళ్ళం మనం. మునిసిపాలిటీ పుస్తకం కూడా మనదే. దాన్నీ తెరిపిద్దాం.